ఒక్క పెద్ద గెలుపు వృత్తి అవుతుందా?

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో పీఆర్సీ బకాయిలు, కరువు భత్యం, ఆరోగ్య కార్డులు, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్టు గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి పేకాట గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. "పేకాట ఆడమని కాదండీ, లెక్క చూడమని చెబుతాను" అన్న తరువాతే అనుమతించారు. వారికి కృతజ్ఞతలు.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో ముందు మనవి చేస్తాను. మనలో చాలామంది ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పిల్లల దగ్గర ఉంటున్నాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి అటువైపు ఎక్కువగా కనిపించినవి బండరాళ్లూ, ముళ్లపొదలూ. ఇవాళ అక్కడ పనిచేసే కుర్రవాడికి రెండు మూడేళ్లలో చేతికందే జీతం, మనం ముప్ఫై అయిదేళ్లు చేసి తెచ్చుకున్న గ్రాట్యుటీని దాటిపోతుంది. మంచిదే, పిల్లలు బాగుపడ్డారు. అయితే వాళ్ల మధ్య ఒక కబురు తిరుగుతూ ఉంటుంది. ఫలానావాడు పోకర్ పోటీలో లక్షలు గెలిచాడట, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడట, ఇప్పుడు 'ప్రొఫెషనల్' అట. ఇది విన్న ఇంట్లో తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. తిట్టాలో, మెచ్చుకోవాలో తెలియదు. అసలు ఆ మాటకు అర్థమేమిటో తేల్చుకుంటే ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది.

మనకు రమ్మీ తెలుసు. పదమూడు ముక్కలు, సీక్వెన్సు, జోకరు, కౌంటు. పోకర్‌లో ఎక్కువగా ఆడే పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కొక్కరికి రెండే ముక్కలు మూసి ఇస్తారు. అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు మధ్యలో విడతలుగా తెరుస్తారు. ఆ ఏడింటిలో మంచి అయిదు ముక్కల జట్టు ఎవరిదో వారిది గెలుపు. కాని మధ్యలో నాలుగు సార్లు పందెం పెంచుకోవచ్చు. ఎదుటివాడు భయపడి ముక్కలు పడేస్తే, చేతిలో ఏమీ లేనివాడు కూడా డబ్బు తీసుకుపోతాడు. కనుక ఇందులో లెక్క కావాలి, ఓర్పు కావాలి, ఎదుటివాడి మనసు చదవడం కావాలి. నేర్పు లేని ఆట అని నేను అనను. అలా అంటే పిల్లలు మన మాట అక్కడే వినడం మానేస్తారు.

నేర్పా, అదృష్టమా అన్న వాదానికి మన నగరానికి పెద్ద చరిత్రే ఉంది. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్న వారిని పట్టుకున్నారు. అప్పటికి అమలులో ఉన్నది నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం. ఫసలీ 1305 నాటిది, అంటే మన లెక్కలో 1895-96. కేసు మేజిస్ట్రేటు కోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మూడు ముక్కలాటలా రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అన్నది ఆ తీర్పు సారాంశం. దేశమంతటా ఈ తీర్పునే చూపించి ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు వ్యాపారం పెట్టుకున్నాయి. అందులో ఒకటి ఈ హైదరాబాదులోనే 2006లో పుట్టింది.

అయితే ఆ తీర్పులో ఇంకొక మాట ఉంది. అది ఎవరూ చెప్పరు. క్లబ్బు నడిపేవారు ఆట మీద లాభం తీస్తున్నారని సాక్ష్యం ఉంటే నేరం అవుతుంది అని కూడా అదే ధర్మాసనం చెప్పింది. అంటే ఆటలో నేర్పు ఉందా అన్నది ఒక ప్రశ్న. ఆ ఆట వల్ల ఎవరి ఇల్లు నిండుతోంది అన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదాన్ని మరిచిపోవడమే మన పిల్లలు చేస్తున్న పని.

ఇక పెద్ద గెలుపు సంగతికి వస్తాను. ఈ కథలన్నిటికీ మూలపురుషుడు అమెరికాలో ఉన్నాడు. పేరు క్రిస్ మనీమేకర్. నిజంగానే ఇంటి పేరు అది. టెన్నెసీ రాష్ట్రంలో అకౌంటెంటు, మన కులస్థుడే అనుకోండి. 2003లో 86 డాలర్లు కట్టి ఇంటర్నెట్టులో ఒక అర్హత పోటీ గెలిచాడు. దానితో 10,000 డాలర్ల ప్రవేశ రుసుము ఉన్న లాస్ వేగాస్ ప్రపంచ పోటీలో చోటు దొరికింది. మొత్తం 839 మంది ఆడారు. అందరినీ దాటి 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు. 2006 నాటికి 8,773 మంది. ఒక్క గుమాస్తా గెలుపు చూసి ఇన్ని వేలమంది బయలుదేరారు.

మనీమేకర్ ఉద్యోగం మానేసిన మాట నిజం. కాని ఆ తరువాత అతనికి ఆధారం ఏమిటో గమనించాలి. ఏ వెబ్‌సైటులో 86 డాలర్లు కట్టాడో ఆ సంస్థే అతన్ని ప్రచారకుడిగా పెట్టుకుంది. 2020 చివరిదాకా, అంటే సుమారు పదిహేడేళ్లు, ఆ కంపెనీ తరఫున ఉన్నాడు. గెలుపు అతనికి పేరు తెచ్చింది. నిలకడైన రాబడికి మాత్రం ఒక కంపెనీ కొలువు కావలసి వచ్చింది. అటువంటి కొలువు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందికే దొరుకుతుంది. గెలిచిన ప్రతివాడికీ ప్రచారకుడి పని ఇస్తే, ఇక ప్రచారం ఎవరికి చెయ్యాలి?

రెండో మనిషి కథ ఇందుకు పూర్తిగా వేరు. స్టూ అంగర్ అని ఒక ఆటగాడు. మొదట జిన్ రమ్మీలో పేరు పొందాడు. ఎంత పేరంటే, ఓడిపోతామని తెలిసి అతనితో రమ్మీ ఆడేవాళ్లు దొరకడం కష్టమైపోయింది. అప్పుడు పోకర్‌కు వచ్చి 1980లో, 1981లో, మళ్లీ 1997లో ప్రపంచ పోటీ గెలిచాడు. నేర్పు విషయంలో అతన్ని శంకించినవారు లేరు. 1997లో వచ్చినది పది లక్షల డాలర్లు. ప్రవేశ రుసుము ఇంకొకరు కట్టారు కనుక అందులో సగం వారికి పోయింది. మిగిలినది గుర్రప్పందాలకూ, ఇతర పందాలకూ, మత్తుమందులకూ పోయింది. 1998 నవంబరులో లాస్ వేగాస్‌లోని ఒక చౌక లాడ్జిలో, దాదాపు చేతిలో ఏమీ లేకుండా, 45వ ఏట చనిపోయాడు. మన సైబర్ టవర్స్ తెరిచిన సంవత్సరమే అది.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడికి నేర్పు మోస్తరు, కాని నిలకడైన రాబడి ఏర్పడింది. ఇంకొకడికి నేర్పు అపారం, కాని ఖాతా పుస్తకమే లేదు. వృత్తి ఎవరికి నిలిచిందో మీకే తెలుస్తోంది.

మన భారతంలో కూడా ఈ సంగతి ఉంది. ధర్మరాజు జూదంలో సర్వం పోగొట్టుకున్నాడు. అరణ్యవాసంలో బృహదశ్వుడనే మహర్షి నలుడి కథ చెప్పి, అక్షహృదయం అనే పాచికల విద్య నేర్పాడు. ఆ తరువాతే ఆయన కంకుభట్టు పేరుతో విరాటరాజు కొలువులో పాచికలాడేవాడిగా చేరాడు. అంటే పెద్ద ఓటమి తరువాత, విద్య నేర్చుకుని, రాజుగారి నీడన ఆ పనికి కుదిరాడు. అప్పుడు కూడా విరాటుడికి కోపం వస్తే పాచికతో ముఖాన కొట్టించుకోక తప్పలేదు. గెలిచిన మర్నాడే రాజీనామా ఇచ్చేవాడు ఈ కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా మేనకోడలి కొడుకు గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. తెలివైనవాడు. స్నేహితులతో గోవా వెళ్లి అక్కడ ఒక పోకర్ పోటీలో 11,40,000 రూపాయలు గెలిచాడు. తిన్నగా మా ఇంటికి వచ్చి, "తాతయ్యా, ఇక ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. అమ్మకు నువ్వే చెప్పాలి" అన్నాడు.

నేను కాదనలేదు, అవుననలేదు. "ఏరా, ఎన్నాళ్లుగా ఆడుతున్నావు?" అన్నాను. రెండేళ్లన్నాడు. "అయితే ఆ రెండేళ్ల క్యాష్‌బుక్ రాసి పట్టుకురా. అమ్మకు అప్పుడు చెబుతాను" అన్నాను. క్యాష్‌బుక్ అంటే ఏమిటని అడిగాడు. ఎడమవైపు వచ్చినది, కుడివైపు పోయినది, నెలాఖరున నిల్వ అని చెప్పాను. మా ఆఫీసులో నా సీటు అదే కదా.

ఆదివారం కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి ఇద్దరం రాశాం. బహుమతి 11,40,000. మూలంలోనే పట్టుకున్న పన్ను 30 శాతం, 3,42,000. చేతికి వచ్చినది 7,98,000. రెండేళ్లలో కట్టిన ప్రవేశ రుసుములు 5,20,000. విమానాలు, లాడ్జీలు, భోజనాలు 1,60,000. నిల్వ 1,18,000. ఇరవై నాలుగు నెలలకు పంచితే నెలకు 4,916 రూపాయలు. కుర్రవాడు ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. "తాతయ్యా, ఇది ఆటలో లోపమా, నాలో లోపమా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. "ఎవరి లోపమూ కాదురా. ఆ ఒక్క పోటీ తీసేస్తే నీ పుస్తకంలో అన్నీ ఖర్చులే. ఉన్న ఒక్క రాబడీ మళ్లీ ఎప్పుడు వస్తుందో నువ్వు చెప్పలేవు. నువ్వు బాగా ఆడతావో, ఆ రోజు ముక్కలు బాగా పడ్డాయో చెప్పడానికి ఒక్క వోచరు చాలదు" అన్నాను. వాడు క్రికెట్టు మాట తెచ్చాడు. "క్రికెటర్లు కూడా కొద్దిమందే కదా బతికేది, వాళ్లది వృత్తి అంటారే" అన్నాడు. అదీ నిజమే. కాని క్రికెటర్‌కు డబ్బు ఇచ్చేవాడు చూడవచ్చినవాడు. పేకాటగాడికి డబ్బు ఇచ్చేవాడు ఎదురుగా కూర్చుని ఓడిపోయినవాడు. తేడా అక్కడుంది. వాడు ఉద్యోగం మానలేదు. ఆటా మానలేదు. సెలవుల్లో, తనే పెట్టుకున్న హద్దు లోపల ఆడతాడు, పుస్తకం రాస్తాడు. అంతకన్న నేను అడగలేదు.

ఈ అనుభవం తరువాత, ఒకడు వృత్తిగా ఆడుతున్నాడా లేదా అని చూడడానికి నాలుగు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. మనవి చేస్తాను.

మొదటిది, లెక్క ఎన్నాళ్లది? నెలజీతం పన్నెండు బిల్లులు చూస్తే తెలిసిపోతుంది. పోకర్ రాబడి అలా కాదు. పెద్ద పోటీలో ఎక్కువమందికి ఏమీ రాదు, పైనున్న కొద్దిమందికే ఎక్కువ భాగం పోతుంది. మంచి ఆటగాడికి కూడా నెలల తరబడి రుసుములు పోతూనే ఉంటాయి. కొన్ని వేల ఆటల లెక్క ఉంటే తప్ప అది నేర్పో గాలివాటమో తేలదు.

రెండోది, ఇంటి డబ్బు వేరు, ఆట డబ్బు వేరుగా ఉందా? నిజంగా వృత్తిగా ఆడేవారు ఆట కోసం ఒక మూలనిధి విడిగా పెట్టుకుంటారు. ఒక్క బల్ల మీద అందులో కొద్ది భాగమే పెడతారు. ఫ్లాటు వాయిదా, పిల్లల ఫీజు, తండ్రి పెన్షను దాని జోలికి రావు. ప్రభుత్వ డబ్బు జేబులో డబ్బుతో కలపకూడదని మనకు మొదటి రోజున నేర్పిన నియమమే ఇది.

మూడోది, పన్ను లెక్క వేశాడా? ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధన చూడండి. ఏడాది నికర గెలుపు మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు. ఒక ఏడాది పది లక్షలు గెలిస్తే 3,12,000 పన్ను. మరుసటి ఏడాది అదే పది లక్షలు పోతే, ఆ నష్టాన్ని పాత గెలుపులో తగ్గించరు, ముందుకూ తీసుకుపోనివ్వరు. రెండేళ్లలో గెలుపోటములు సమానమైనా 3,12,000 రూపాయలు చేతినుంచి పోయినట్టే. దుకాణదారుడికి ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదు.

నాలుగోది, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? దర్జీ గుడ్డ తీసుకుని చొక్కా ఇస్తాడు. రైతు గింజ వేసి పంట తీస్తాడు. పేకాట బల్ల మీద కొత్తగా పుట్టేదేమీ లేదు. ఆరుగురు తలా పదివేలు పెడితే అరవై వేలు. అందులోంచి నడిపేవాడు ప్రతి ఆటకూ కొంత తీసుకుంటాడు. సాయంత్రానికి ఆరుగురి దగ్గర కలిపి ఉండేది అరవై వేల కన్న తక్కువే. కనుక ఒకడు వృత్తిగా బతకాలంటే, ఓడిపోవడానికి కొత్తవాళ్లు రోజూ రావాలి. వాళ్ల భాషలో అటువంటివాడిని 'చేప' అంటారు. ఆ చేప ఎవరి ఇంటివాడు? ఎవరి గ్రాట్యుటీ డబ్బు అది? మన సమావేశంలో ఈ విషయం ఎత్తడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వం 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడితే నేర్పున్న ఆటైనా జూదమే అన్నది. ఆటను తయారుచేసే ఆఫీసు మన ఊళ్లో, ఆడే అనుమతి మాత్రం మన ఊరివాళ్లకు లేదు. అలా కొన్నేళ్లు నడిచింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి, నేర్పూ అదృష్టమూ అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆ కేంద్ర చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదు గాని, మన రాష్ట్ర చట్టం ఆడేవాడినీ వదలదు. కేంద్ర చట్టం మీద కంపెనీలు హైకోర్టులకు వెళ్లాయి, ఆ వ్యాజ్యాలను సుప్రీంకోర్టు తన దగ్గరకు తెప్పించుకుంది. ఏమైనా, నిషేధం ఒక్క రాత్రిలో వచ్చింది. ఆ ఆటనే నమ్ముకుని రాజీనామా ఇచ్చినవాడికి నోటీసు కాలం లేదు, పెన్షను లేదు, అప్పీలు చేసుకునే పైఅధికారి లేడు.

నిషేధం వచ్చింది కదా, గొడవ వదిలిందని అనుకోవద్దు. మనసులో ఉన్న ఆశ వేరే తలుపు తడుతుంది. షేర్ మార్కెట్టులో ఫ్యూచర్స్, ఆప్షన్స్ అని ఉన్నాయి. చట్టబద్ధమైనవే. 2024 సెప్టెంబరులో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. మూడేళ్లలో వాటిలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. నష్టపోయినవారిలో నాలుగింట మూడు వంతుల కన్న ఎక్కువమంది మళ్లీ అదే పని కొనసాగించారట. పోయిన చోటే వెతుక్కోవాలని మన పెద్దల సామెత. ఉంగరం పోతే ఆ సామెత పనికివస్తుంది. పందెంలో పోయిన డబ్బుకు పనికిరాదు.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? నా చిన్న బుద్ధికి తోచినవి చెబుతాను.

పిల్లవాడు గెలిచానని వచ్చి చెప్తే తిట్టకండి. గెలుపు చెప్పినవాడు ఓటమి కూడా మీకే చెప్పాలి. ఆ తలుపు మూసెయ్యకండి. తిట్టకుండా, మెచ్చుకోకుండా, పుస్తకం అడగండి. పుస్తకం రాసేవాడు ఎప్పుడో ఒకప్పుడు తనే తెలుసుకుంటాడు. పుస్తకం దాచేవాడి విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి.

ఉద్యోగం మానతానంటే, కనీసం రెండేళ్ల ఇంటిఖర్చు ఆట డబ్బుతో సంబంధం లేకుండా విడిగా ఉందో లేదో చూపించమనండి. మీ కమ్యుటేషన్ సొమ్ము, మీ ఫిక్సెడ్ డిపాజిట్టు మూలనిధిగా ఇవ్వకండి. ప్రేమ వేరు, హామీ సంతకం వేరు.

అప్పులు చేసి, అబద్ధాలు చెప్పి, ఆపలేకుండా ఉంటే అది దుర్మార్గం అనుకోకండి. దాన్ని జబ్బుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో చేర్చింది. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ఉంది. ఫోను నంబరు 14416. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. నంబరు రాసుకోండి. మన ఇంటికి అవసరం లేకపోవచ్చు, పక్కింటికి పడవచ్చు.

మిత్రులారా, మనమెవరం జీవితంలో పదకొండు లక్షలు ఒక్కరోజున గెలవలేదు. ఏటా ఒక ఇంక్రిమెంటు, ఎప్పుడైనా ఒక ప్రమోషన్. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి నేను రాలేదు. పిల్లల కాలం వేరు, వాళ్ల ధైర్యం వేరు, అది ఉండాలి కూడా. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్ద గెలుపు అనేది క్యాష్‌బుక్‌లో ఒక పద్దు. వృత్తి అనేది ఆ పుస్తకం మొత్తం. మొదటి పేజీ చూసి ఎవరూ ఆడిట్ సర్టిఫికెట్టు ఇవ్వరు.